పేర్లు రాయనక్కర్లేదు

సోమవారం పొద్దున తేన్‌మొళి మైసూర్‌పాక్ పెట్టె పట్టుకుని పంపుల కంపెనీకి వెళ్లింది. వెళ్లింది ఒక్క సంతకం కోసం. ఆమె పరిశోధన గ్రంథం మొత్తం అచ్చయి బైండింగుకు సిద్ధంగా ఉంది. మొదట్లో అతికించాల్సిన కాగితం ఒక్కటే తక్కువ. ఈమె మా కంపెనీలో సర్వే చేసిన మాట వాస్తవం అని వాళ్లు ఇవ్వాల్సిన ధ్రువపత్రం. శుక్రవారం సాయంత్రం అయిదు లోపల గ్రంథం యూనివర్సిటీలో ఇవ్వకపోతే ఏడేళ్ల రిజిస్ట్రేషన్ రద్దయిపోతుంది. అది రద్దయితే కాలేజీలో ఉద్యోగం జూన్‌తో సరి. డాక్టరేట్ లేని వాళ్లతో వచ్చే ఏడాది పని లేదని ప్రిన్సిపాల్ నోటీసు పెట్టించి, కింద 'సహకరించగలరు' అని కూడా రాయించాడు. కోయంబత్తూరు మర్యాద అలాంటిది. మెడపట్టి గెంటేటప్పుడు కూడా 'అండీ' అనే గెంటుతారు.

గ్రంథం పేరు చాంతాడంత ఉంది. 'కోయంబత్తూరు పంపుల పరిశ్రమలో యాజమాన్యం మీద కార్మికులకున్న నమ్మకం, కంపెనీ పనితీరుపై దాని ప్రభావం.' అయిదు కంపెనీలు, మూడు వందల ఎనభై ఏడు మంది కార్మికులు, తలా నలభై రెండు ప్రశ్నలు. ప్రతి ప్రశ్నకూ ఎదురుగా ఒకటి నుంచి అయిదు దాకా అంకెలుంటాయి. బొత్తిగా ఒప్పుకోకపోతే ఒకటి, పూర్తిగా ఒప్పుకుంటే అయిదు చుట్టూ సున్నా చుట్టాలి. ఆ సున్నాలన్నీ కంప్యూటర్లో పోసి వడకడితే తేలిందేమిటంటే, పనివాళ్లకి యజమాని మీద నమ్మకం ఉన్నచోట కంపెనీ బాగుంటుందని. ఇది తెలుసుకోవడానికి ఏడేళ్లు పట్టిందా అని ఆమె భర్త నవ్వాడు. తెలిసిన సంగతైనా రుజువు కావాలి కదా అని ఆమె కూడా నవ్వేసింది.

ఆఫీసులోకి వెళ్లే ముందు వైండింగు షెడ్డు వైపు నడిచింది. కిందటి ఆగస్టులో పదకొండు రోజులు అక్కడే ఆడవాళ్ల మధ్య ముక్కాలి పీట మీద కూర్చుంది. బోరుబావి మోటారుకు తీగ చుట్టడం ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు. ఇనప గొట్టానికి ఇటు ఒకరు, అటు ఒకరు ఎదురెదురుగా కూర్చోవాలి. ఇటు మనిషి గాడిలో తీగ దూరిస్తే అటు మనిషి అందుకుని లాగి, పక్క గాడిలోంచి మళ్లీ ఇటు పంపాలి. గట్టిగా లాగితే తీగమీది పొర చిరుగుతుంది, వదులుగా వదిలితే చుట్టు ఉబ్బుతుంది. మాటల్లేకుండా, ఎదుటిమనిషి వేళ్ల బిగువును బట్టి లాగుతారు. ఏళ్ల తరబడి ఒకే జతగా కూర్చున్న వాళ్లున్నారు.

ఆ రోజు షెడ్డులో అయిదు పీటలు ఖాళీగా ఉన్నాయి. ఒక పిల్ల ఒక్కతే మోటారు ముందు కూర్చుని ఉంది. తీగ దూర్చి, లేచి, అటు తిరిగి వెళ్లి లాగి, మళ్లీ ఇటొచ్చి కూర్చుంటోంది. ఆమెకు జత వేలాత్తాళ్ అని తేన్‌మొళికి తెలుసు. వేలక్క సెలవా అని అడిగింది. ఆ పిల్ల తలెత్తకుండా, సెలవు కాదండి, తీసేశారండి, అయిదుగుర్నీ తీసేశారండి అంది. ఎందుకని అడిగితే పని సరిగ్గా లేదటండి అని చెప్పి, లేచి అవతలి వైపుకు వెళ్లింది.

వేలాత్తాళ్ పని సరిగ్గా లేకపోవడమేమిటి? కొత్తవాళ్లకు పని నేర్పేదే ఆవిడ. తేన్‌మొళికి ఏదో తేడాగా తోచింది గానీ, తన పని తనకుంది. ఆఫీసు గదిలో సిబ్బంది మేనేజరు గురుబరన్ ఆమెను చూసి లేచి నిలబడ్డాడు. తను కూర్చునే మెత్తటి కుర్చీ తెచ్చి ఆమెకు వేశాడు. ఫిల్టర్ కాఫీ తెప్పించాడు. మైసూర్‌పాక్ పెట్టె తీసుకుని, మేమివ్వాలి మీకు, మీరు తేవడమేమిటి అన్నాడు.

"మేడమ్, మీరు చేసిన మేలు మా ఎండీ గారు రోజుకోసారి తలుచుకుంటున్నారు. పనివాళ్ల కడుపులో ఏముందో ఇరవై ఏళ్లుగా మాకు అంతుపట్టలేదు. మీ షీటు పది నిమిషాల్లో చెప్పేసింది."

ఏ షీటు అని ఆమె అడగలేదు. ఆమెకు గుర్తుంది. సర్వేకి అనుమతి ఇచ్చేటప్పుడే, అయ్యాక వివరాలు మాకో కాపీ ఇవ్వాలండి అన్నారు. అందరు రీసెర్చి వాళ్లూ ఇచ్చేదే. జనవరిలో ఆ కంపెనీకి చెందిన నూట నలభై మంది జవాబులూ ఒక షీటుగా, ఫలితాల సారాంశం ఒక పేజీగా మెయిల్లో పంపింది. గురుబరన్ సొరుగులోంచి అదే షీటు తీశాడు. అచ్చు వేయించి ఉంది. అయిదు వరసలకు పసుపు రంగు పూసి ఉంది. 'యాజమాన్యం మాట మీద నాకు నమ్మకం ఉంది' అన్న గడిలో ఆ అయిదింటికీ ఒకట్లే.

"ఇందులో పేర్లు లేవు కదండీ" అంది తేన్‌మొళి.

"పేర్లెందుకు మేడమ్? వయసు యాభై ఒకటి, సర్వీసు ఇరవై మూడేళ్లు, భర్త లేడు, చదువు అయిదో తరగతి, వైండింగు. మా కంపెనీలో అలాంటి మనిషి ఒక్కతే ఉంది. మిగతా నలుగురూ అంతే. మొదటి పేజీ మీరు ఎంత బాగా పెట్టారంటే, మేం వెతుక్కోనే అక్కర్లేకపోయింది."

అతను వెటకారంగా అనలేదు, నిజంగానే మెచ్చుకున్నాడు. అదే తేన్‌మొళిని నిలువునా కోసేసింది. వయసు, సర్వీసు, చదువు, పెళ్లి, విభాగం. ఏ ప్రశ్నపత్రానికైనా మొదటి పేజీ అదే. తన గైడు వేయించాడు, గైడుకు ఆయన గైడు వేయించాడు. వరికి ముందు నారు పోసినట్టు, ఎందుకని ఎవరూ అడగరు. ఇన్నేళ్లలో ఆమె కూడా అడగలేదు. పైన పెద్ద అక్షరాల్లో 'పేర్లు రాయనక్కర్లేదు, వివరాలు గోప్యంగా ఉంచబడును' అని వేసి, కింద మనిషిని వేలు పెట్టి చూపించింది.

ధ్రువపత్రం మీద గురుబరన్ అప్పటికప్పుడే సంతకం పెట్టి, ముద్ర వేసి ఇచ్చాడు. ఆమె చెయ్యి దాన్ని అందుకుంది. నోరు థాంక్సండి అంది. గేటు దాటి బస్టాపు దాకా వచ్చాక గానీ ఏం జరిగిందో ఒంటికి తెలియలేదు. బస్టాపు బెంచీ మీద కూలబడి, మూడు బస్సులు వదిలేసింది.

ఆగస్టులో ఆ ఆడవాళ్లు రాయబోయింది వేరు. అన్నిటికీ అయిదే చుట్టేస్తామండీ, మీకూ సుఖం మాకూ సుఖం అని నవ్వారు. అలా వద్దని బతిమాలింది తనే. అందరూ అయిదులే చుడితే నా ఏడేళ్లూ బూడిదలో పోసిన పన్నీరు అవుతాయక్కా, పేరు రాయనక్కర్లేదు, నిజం రాయండి చాలు అంది. వేలాత్తాళ్ ఆమె మొహంలోకి చూసి, అప్పటికే అయిదులు చుట్టిన కాగితం పక్కన పెట్టి, ఇంకో కాగితం ఇవ్వండి అని అడిగి తీసుకుంది.

మంగళవారం కాలేజీ వదిలాక తేన్‌మొళి సంగనూరు వాగు పక్కనున్న లైను ఇళ్లకు వెళ్లింది. పొద్దుటినుంచీ పాఠాల్లో ఏం చెప్పిందో తెలియదు. ముందుగా ఏమని మొదలుపెట్టాలో బస్సులో నాలుగు రకాలుగా అనుకుంది. ఇల్లు చేరేసరికి ఒక్కటీ మిగల్లేదు.

వేలాత్తాళ్ గుమ్మంలో చాప మీద కూర్చుని, రిపేరు షాపు వాళ్లిచ్చిన కాలిపోయిన మోటారులోంచి పాత తీగ పీకుతోంది. మాడిన వార్నిషు వాసన సందు మొదట్లోకే కొడుతోంది. ఎదురుగా సెల్లమణి, తీసేసిన అయిదుగురిలో చిన్నది, పీకిన తీగను చుట్ట చుడుతోంది. ఇద్దరూ ఆమెను చూసి లేచారు. వేలాత్తాళ్ చీర కొంగుతో పీట తుడిచింది. శొంఠి కాఫీ పెట్టించింది. పుస్తకం అయిందా టీచరమ్మా అని అడిగింది. అయిందక్కా అంటే ఆవిడ మొహం విచ్చుకుంది. మా మాటలు కూడా వేశారా అంది. తేన్‌మొళి కాఫీ లోటా వైపు చూస్తూ, వేశానక్కా అంది.

"మీరు రావడం దేవుడు పంపినట్టే ఉంది. కంపెనీ వాళ్లిచ్చిన కాగితం ఇంగ్లీషులో ఉందండి. వీధి చివర మెడికల్ షాపు అతను చదివి, పని బాలేదని రాశారు అని ఒక్క ముక్క చెప్పాడు. రెండు పేజీలకు ఒక్క ముక్కేనా? కాస్త చదివి పెట్టండి."

ప్లాస్టిక్ కవరులోంచి తీసి ఇచ్చిన ఆ ఉత్తరం తేన్‌మొళి కళ్లతో ముందుకు పరిగెత్తి చదివింది. రెండో పేరా దగ్గర ఆగిపోయింది. సెల్లమణి తీగ చుట్టడం ఆపి వినడానికి దగ్గరికి జరిగింది. ఇక తప్పదు. ఆమె ఒక్కొక్క మాటా వాళ్ల భాషలోకి మార్చి చదివింది.

"'యూనివర్సిటీ పరిశోధకురాలు ఒకరు స్వతంత్రంగా, శాస్త్రీయంగా జరిపిన అధ్యయనం ప్రకారం, యాజమాన్యం మీద నమ్మకం లేని కార్మికుల వల్ల కంపెనీ పనితీరు దెబ్బతింటోందని రుజువైనది. ఆ కారణం చేత...'"

"ఎవరండీ ఆ మహాతల్లి?" అంది సెల్లమణి. "మీకు తెలిసిన ఆవిడేనా?"

చెప్పుకుంటే మానం పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుంది అంటారే, ఆ క్షణం అదే. తేన్‌మొళి ఉత్తరం మడిచి చాప మీద పెట్టింది.

"నేనే" అంది.

సెల్లమణి నవ్వబోయి ఆగిపోయింది. తేన్‌మొళి దాచకుండా మొత్తం చెప్పింది. షీటు, మెయిలు, మొదటి పేజీ, పసుపు రంగు, మెత్తటి కుర్చీ, కాఫీ. తను థాంక్స్ చెప్పి వచ్చిన సంగతి కూడా. చెబుతున్నంతసేపూ వేలాత్తాళ్ మాడిన తీగను గాడిలోంచి పట్టకారుతో లాగుతూనే ఉంది. చివరికి పట్టకారు పక్కన పెట్టింది.

"పేరు లేదన్నారు."

"లేదక్కా. కానీ వయసుంది. సర్వీసుంది. నాకు తట్టలేదు."

"మీకు తట్టలేదు. అంత చదువుకున్నారు, తట్టలేదు." ఆవిడ గొంతు పెంచలేదు. "ఆ రోజు మీరు వెళ్లాక ఈ సెల్లమణి అయిదులే చుట్టిందండి. చెరిపించి రాయించింది నేను. ఆ ముగ్గురిచేతా కూడా నేనే రాయించాను. టీచరమ్మ మన పక్కన పీట మీద కూర్చుని అడిగింది, ఆమెకు అబద్ధం రాయకూడదు అని చెప్పాను. ఇప్పుడు వాళ్ల ఇళ్లకు వెళ్లి ఏమని చెప్పమంటారు?"

సెల్లమణి ఏడవడం మొదలుపెట్టింది. తేన్‌మొళికి ఏడుపు రాలేదు. ఏడ్చే హక్కు తనకు లేదనిపించి బిగబట్టుకుంది. నిజం చెప్పేస్తే గుండె బరువు దిగుతుందనుకుని వచ్చింది. తన బరువు దించి ఆవిడ నెత్తిన పెట్టిందని అప్పుడు తెలిసింది.

కాఫీ లోటాలు పక్కకు జరిపి వేలాత్తాళ్ రెండు సంగతులు అడిగింది. శుక్రవారం పదకొండింటికి లేబరు ఆఫీసులో విచారణ ఉంది, మీరు వచ్చి జరిగింది జరిగినట్టు చెప్పాలి. రెండోది, మేం రాసిన అయిదు కాగితాలూ మాకు ఇచ్చేయాలి, మీ పుస్తకంలో మేం ఉండకూడదు.

"రావడం వస్తానక్కా. కాగితాలు తీస్తే లెక్కంతా మారిపోతుంది. శుక్రవారం సాయంత్రం పుస్తకం ఇవ్వాలి. ఇవ్వకపోతే నా ఉద్యోగం..."

"మా లెక్క మారలేదా?" అంది వేలాత్తాళ్, పట్టకారు మళ్లీ చేతిలోకి తీసుకుంటూ.

బుధవారం ఆమె గైడు శబాపతి గారి గదికి వెళ్లింది. ఆయన పాతికమందిని డాక్టర్లను చేసినవాడు. ఎవరి గ్రంథం తెరిచినా మొదటి కృతజ్ఞత ఆయనకే ఉంటుంది. విషయం విని కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మూడు వందల ఎనభై నాలుగు అనే అంకె గురించి తెలుసు కదా అన్నాడు. తెలుసు. లక్షమంది ఉన్నా, కోటిమంది ఉన్నా, మూడు వందల ఎనభై నలుగుర్ని అడిగితే చాలని పట్టికలో ఉంది. మేనేజ్‌మెంట్ రీసెర్చి చేసే వాళ్లందరికీ అది గాయత్రి మంత్రం. ఆమెకు ముగ్గురు ఎక్కువే ఉన్నారు. అయిదుగుర్ని తీస్తే ఇద్దరు తక్కువవుతారు. బయటి పరీక్షకుడు మొదటి ప్రశ్న అదే వేస్తాడు. నలభై ఒక్క పట్టికలూ మళ్లీ కట్టాలి. సంతకం నేను పెట్టాలి అన్నాడాయన. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వాలి కదా అన్నట్టు చూశాడు.

తన తప్పు వల్ల అయిదుగురి పొట్ట కొట్టినట్టయిందని తేన్‌మొళి అంది. దానికి ఆయన చెప్పిన మాట ఆమె జన్మలో మరిచిపోదు.

"ఏమ్మా తేన్‌మొళీ, పేర్లు రాయించలేదు, అంతవరకే నీ ధర్మం. షీట్లు నేనూ ఇచ్చాను. ముప్పై ఏళ్లలో ఎన్ని కంపెనీలకు ఇచ్చానో లెక్కలేదు. ఎవరి ఉద్యోగం ఉందో, ఎవరిది ఊడిందో నేనెప్పుడూ వెళ్లి చూడలేదు. నువ్వు కూడా ఆ షెడ్డులోకి వెళ్లి ఉండాల్సింది కాదు."

ఆయన చెడ్డవాడు కాదు. ఆమె కాన్పుకు సెలవు పెట్టినప్పుడు రిజిస్ట్రేషన్ గడువు పొడిగించడానికి తనే ఆఫీసుల చుట్టూ తిరిగాడు. అలాంటి మనిషి నోట అంత చల్లగా వచ్చింది ఆ మాట. ముప్పై ఏళ్ల షీట్లలో ఎన్ని వరసలకు పసుపు రంగు పడి ఉంటుందో అని ఆలోచన వచ్చి, తేన్‌మొళి కుర్చీలోంచి లేచింది.

గురువారం మధ్యాహ్నం గాంధీపురం వెనక సందులో కాజా మొహిదీన్ కొట్టుకు వెళ్లింది. బోర్డు మీద 'థీసిస్ టైపింగ్, డేటా అనాలిసిస్' అని ఉంటుంది. ఊళ్లో సగం మంది డాక్టర్ల లెక్కలు ఆ ఎనిమిదడుగుల కొట్టులో తయారైనవే. కాజా బీకాం తప్పాడు గానీ, ఏ లెక్కకు ఏ మీట నొక్కాలో ప్రొఫెసర్లకంటే బాగా తెలుసు. ఆమె సంచిలోంచి అయిదు ప్రశ్నపత్రాలు తీసి, వీటి వరసలు తీసేసి మళ్లీ లెక్క కట్టమంది. అయిదు వరసలు తీస్తే ఏం మారదు మేడమ్, దశాంశాలు కాస్త కదులుతాయంతే అంటూ తీసేశాడు.

మీట నొక్కాడు. తెర మీద పట్టిక వచ్చింది. కాజా ముందుకు వంగి చూశాడు. మళ్లీ నొక్కాడు.

"మేడమ్, చుక్క పోయింది."

పట్టికలో అంకె పక్కన చిన్న నక్షత్రం గుర్తు ఉంటే ఫలితం నిలబడ్డట్టు, లేకపోతే ఏమీ తేలనట్టు. నమ్మకం వరసలో ఏడేళ్లుగా ఎదురుచూసిన నక్షత్రం అక్కడ లేదు. తేన్‌మొళి ఆ అయిదుగుర్నీ మళ్లీ కలపమంది. నక్షత్రం వచ్చింది. తీయమంది. పోయింది. మూడుసార్లు చేయించింది.

కాజా జవాబుల షీటు కిందికి జరుపుతూ చూపించాడు. మిగతా మూడు వందల ఎనభై రెండు మందీ నాలుగో, అయిదో తప్ప చుట్టలేదు. కొందరు నలభై రెండు ప్రశ్నలకూ వరసగా అయిదే చుట్టారు. అందరూ ఒకే మాట చెబితే దేనివల్ల ఏది జరుగుతోందో మిషను ఎలా చెబుతుంది మేడమ్, తేడాగా చెప్పింది ఈ అయిదుగురే, మీ లెక్కంతా వీళ్లమీదే నిలబడింది అన్నాడు.

తేన్‌మొళి ఆ అయిదుల వరసలు చూస్తూ ఉండిపోయింది. పనివాళ్లు బద్ధకంతో అయిదులు చుడతారని తరగతిలో పిల్లలకు చెప్పింది తను. అది బద్ధకం కాదు. కాగితం ఇచ్చిన చెయ్యి ఎవరిదైనా, చివరికి అది ఏ బల్ల మీదికి చేరుతుందో వాళ్లకు తెలుసు. నాలుగు వందల మందిలో ఆ సంగతి తెలియనిది తనొక్కతే. తన మొహం చూసి మెత్తబడింది ఆ అయిదుగురే. డాక్టరేటు వాళ్లవల్ల వస్తోంది, ఉద్యోగం వాళ్లకు పోయింది.

కాజా ఆమె మౌనాన్ని వేరేగా అర్థం చేసుకున్నాడు. దిగులెందుకు మేడమ్ అన్నాడు.

"అయిదుగురే కదా, నేను తయారుచేసి పెడతాను. వయసు కాస్త మారుస్తా, సర్వీసు మారుస్తా, రెండు మూడు ఒకట్లు వేస్తా. నలభై నిమిషాలు. మీరు వెళ్లి టీ తాగి రండి. మూడు వందల ఎనభై ఏడుమందీ ఉంటారు, చుక్కా ఉంటుంది. ఈ కొట్టులో పుట్టిన మనుషులు ఊరవతల ఒక కాలనీకి సరిపోతారు."

ఆమె వెంటనే వద్దనలేదు. ఇది చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంటుంది. టీ కొట్టు దాకా వెళ్లింది, టీ తాగింది. జూన్ తర్వాత ఇంటి అప్పు వాయిదా ఎవరు కడతారని లెక్క వేసింది. తిరిగొచ్చి, మనుషులేమీ అక్కర్లేదు, ఆ రెండు పేజీలూ అచ్చు వేసి ఇవ్వు, అయిదుగురితో ఒకటి, లేకుండా ఒకటి అంది.

శుక్రవారం లేబరు ఆఫీసు వరండాలో అయిదుగురు ఆడవాళ్లూ ఒక బెంచీ మీద వరసగా కూర్చుని ఉన్నారు. తేన్‌మొళి వాళ్లను పలకరిస్తే సెల్లమణి తల ఊపింది. మిగతా ముగ్గురూ మొహం తిప్పుకున్నారు. వేలాత్తాళ్ కళ్లెత్తి చూసింది, మాట్లాడలేదు. గురుబరన్ మాత్రం ఎదురొచ్చి, మీరింత శ్రమ తీసుకుని మా తరఫున వస్తారనుకోలేదు మేడమ్ అని చేతులు జోడించాడు. అతను నిజంగా అలాగే అనుకున్నాడు.

విచారణ చేసే అధికారిణి నడివయసు మనిషి, ఫైళ్ల మధ్య మోచేతులు ఆనించి కూర్చుంది. ఉత్తరం చదివి, ఈ అధ్యయనమేమిటని అడిగింది. గురుబరన్ షీటూ, సారాంశం పేజీ బల్ల మీద పెట్టాడు. ఇది మేం సొంతంగా చేసింది కాదండి, యూనివర్సిటీది, పూర్తి గ్రంథం ఇవాళ సాయంత్రమే సమర్పిస్తున్నారు, పరిశోధకురాలు కూడా వచ్చారు, మీరే అడగండి అన్నాడు.

"సమర్పిస్తున్నారా?" అంది అధికారిణి.

"లేదండి" అంది తేన్‌మొళి. "సమర్పించడం లేదు."

గురుబరన్ ఆమె వైపు తిరిగాడు. సరిగ్గా వినలేదేమోనన్నట్టు నవ్వు మొహం అలాగే ఉంది.

"ఈ షీటు నేనే కంపెనీకి ఇచ్చాను. వీళ్లను అడక్కుండా ఇచ్చాను. ఎవరికీ చెప్పనని రాసిచ్చి మరీ ఇచ్చాను. వీళ్లు తమ కాగితాలు వెనక్కి అడిగారు. అవి తీసేస్తే నా అధ్యయనంలో తేలిందేమీ లేదు." ఆమె రెండు పేజీలూ ముందుకు జరిపింది. "దీన్ని చూపించి ఎవర్నీ పనిలోంచి తీయడానికి లేదండి. ఇది ఇప్పుడు ఏ యూనివర్సిటీదీ కాదు."

అధికారిణి ఆ మాటలన్నీ కాగితం మీద రాసివ్వమంది. ఇది మీ గైడుకు, మీ కాలేజీకి తెలిస్తే మీకు ఇబ్బందేమో చూసుకోండి అని కూడా మెల్లగా అంది. తేన్‌మొళి రాసింది. రెండు చోట్ల కొట్టేసి మళ్లీ రాసింది. అధికారిణి ఆ కాగితం ఫైల్లో గుచ్చి, మీ ఉత్తరంలో ఉన్నది ఒక్కటే కారణం, అది పోయింది, వేరే కారణం ఉంటే ఇప్పుడే చూపించండి, లేదంటే ఎండీ గారికి ఫోన్ చేయండి అని గురుబరన్‌తో చెప్పింది. అతను బయటికి వెళ్లి ఇరవై నిమిషాలు మాట్లాడి వచ్చాడు. వచ్చే వాయిదా దాకా అయిదుగుర్నీ పనిలోకి రానిస్తామని, సోమవారం రమ్మని చెప్పాడు. చొక్కా వీపంతా తడిసిపోయి ఉంది. వెళ్లిపోతూ మర్యాదగానే, టైము ఇంకా ఉంది మేడమ్, అయిదింటి లోపల వెళ్లి ఇచ్చేయండి, ఇక్కడ రాసిచ్చింది అక్కడెవరికి తెలుస్తుంది అన్నాడు.

వరండాలో తేన్‌మొళి అయిదు ప్రశ్నపత్రాలూ తీసి వేలాత్తాళ్ చేతికిచ్చింది. ఆవిడ ఒక్కొక్కటీ చూసి, ఎవరిది వాళ్లకు పంచి, తనది నాలుగుగా మడిచి జాకెట్లో దోపుకుంది. ఆరుగురూ గేటు దాటి బస్టాపుకు నడిచారు.

ఒంటిగంట ఎండ. రోడ్డుకు అవతలి వైపు యూనివర్సిటీ మీదుగా వెళ్లే బస్సు వచ్చి ఆగింది. సోమవారం ధ్రువపత్రంతో పాటు బైండింగు కొట్టులో ఇచ్చిన గ్రంథం నాలుగు కాపీలూ నల్ల అట్టతో, బంగారు అక్షరాలతో సిద్ధంగా ఉన్నాయని పొద్దున్నే ఫోన్ వచ్చింది. ఆ కొట్టు యూనివర్సిటీకి రెండు స్టాపుల ముందే. కండక్టరు ఫుట్‌బోర్డు మీద నిలబడి ఊరి పేర్లు అరుస్తున్నాడు. అయిదుగురు ఆడవాళ్లూ బస్సును చూశారు, తర్వాత ఆమెను చూశారు. తేన్‌మొళి సంచి భుజానికి సర్దుకుంది. ఎవరో పరిగెత్తుకొచ్చి ఎక్కారు, కండక్టరు ఈల వేశాడు, బస్సు పొగ వదిలి మలుపు తిరిగింది.

అది కనపడకుండా పోయేదాకా వేలాత్తాళ్ అటే చూసింది. తర్వాత ఆ రోజు మొదటిసారిగా ఆమెతో మాట్లాడింది.

"అన్నం తిన్నారా టీచరమ్మా?"